నిశ్శబ్ద మందిరము

విశాఖపట్టణము శబ్దములకు నెలవు. రేవులో ఓడల కూతలు, సరకుల నెత్తు క్రేనుల రొద, ఉక్కు కర్మాగారమున యంత్రముల మ్రోత, వీటి వెనుక ఎడతెగని కడలి ఘోష. ఇట్టి నగరమున 1963లో ఆకాశవాణి కేంద్రము వెలసినది. నాటకమైనను, సంగీతమైనను అచ్చట ముద్రింపవలెనన్న మొదట నిశ్శబ్దమును నిర్మింపవలెను. స్టూడియో యనగా యంత్రములతో నిండిన గది యని పలువురు తలంతురు. అది సగము సత్యమే.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించును. ఖాళీ గదిలో అది గోడ నుండి గోడకు తగిలి మాటలను కలగాపులగము చేయును. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున నూతనముగా కట్టిన ఉపన్యాసశాలలో ఇట్టి దోషమే యేర్పడగా, 1895లో సబైన్ అను యువ అధ్యాపకుడు దానిని పరిశోధింప పూనుకొనెను. రాత్రివేళల ఆసనముల మెత్తలను అందు పేర్చి, ధ్వని అణగుటకు పట్టు కాలమును కొలిచెను. గది పెద్దదైన కొలది ధ్వని ఎక్కువసేపు నిలుచుననియు, మెత్తని వస్తువులు దానిని మ్రింగుననియు నిరూపించెను. నేటి స్టూడియోలలో బయటి రొదను జంట గోడలు, బరువైన తలుపులు ఆపును. లోపలి ప్రతిధ్వనిని మెత్తని పలకలు అణచును. అయినను ప్రతిధ్వని బొత్తిగా లేకున్న వాయులీన నాదము జీవము లేక వినబడును. కావున ఉపన్యాసమునకు తగిన గది వేరు, సంగీతమునకు తగిన గది వేరు. ఎంత ఉంచవలెనో, ఎంత తీయవలెనో తుదకు తేల్చునది మనుష్యుని చెవియే.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ బాకా ముందు నిలిచి పాడినప్పుడు పాట సుమారు మూడు నిమిషములలో ముగియవలసి యుండెను. నేడు గాయకుడు ఒకనాడు, వాద్యకారుడు మరియొకనాడు వచ్చినను కంప్యూటరు వారిని కూర్చును. తప్పిన స్వరమును సైతము సరిదిద్దును. ఇది గొప్ప సౌకర్యమే. కాని సరిదిద్దుట ఎచ్చట ఆపవలెనో యంత్రమునకు తెలియదు.

ఉత్తరాంధ్రమునందలి జముకుల కథను, తప్పెటగుళ్లను తీసికొందము. ఆ గాయకుల గొంతులోని జీర, స్వరముల నడుమ జారు తీరు, పలుకులోని యాస యంత్రపు లెక్కలో దోషములు. వినువారికి అవియే ఆ కళకు ప్రాణము. వాటిని చెరిపి నునుపు చేసిన పాట ఇంపుగా ఉండవచ్చును గాని, అది శ్రీకాకుళమునకో విజయనగరమునకో చెందిన పాట కాజాలదు.

పేరు లేని గాయకులకై ఇంత వ్యయమేల యని కొందరు అడుగవచ్చును. ప్రసిద్ధుల పాట ఎట్లును ముద్రితమగును. పెద్దల నోట మాత్రమే నిలిచిన పాట వారితోడనే అంతరించును. దానికే స్టూడియో అవసరము ఎక్కువ. కావున విశాఖలోని ధ్వనిముద్రణశాలలు ఇట్టివారికి తలుపులు తెరువవలెను. ఈ వృత్తిని నేర్వదలచిన యువజనులు యంత్రమును నడుపుటతో పాటు వినుటను అభ్యసింపవలెను. జముకు మ్రోత సహజముగా వినబడుటకు మైకును ఎచ్చట నిలుపవలెనో వారికి తెలియవలెను. నగరపు రొదను ఆపుటకు గోడలు కట్టిన మనుష్యుడు, ఆ గోడల నడుమ ఎవరి కంఠమును నిలుపవలెనో కూడ తానే తేల్చవలెను.