హజీరాలో మైల ఎవరిది?

2016 జనవరి 8న పుణెలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ ధర్మాసనం, సూరత్ దగ్గరి హజీరాలో అదానీ ఓడరేవుకు 2013లో ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. పునరుద్ధరణ కోసం 25 కోట్లు కట్టమంది. కేసు వేసింది హజీరా మచ్ఛిమార్ సమితి. దాదాపు 80 మత్స్యకార కుటుంబాల బతుకు గొడవ అది. వీళ్లు పడవల మీద వేటకెళ్లే వాళ్లు కాదు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బురదలో నడిచివెళ్లి చేపలు పట్టుకునే వాళ్లు. తీర్పు వచ్చింది, వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. రేవు నడుస్తూనే ఉంది.

ఆ బురదకు పట్టా ఉండదు. పట్టా లేని చోట నష్టం లెక్కకు రాదు. 'కాలుష్యం చేసినవాడే చెల్లించాలి' అని 2010 నాటి ట్రిబ్యునల్ చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ చెల్లించగలిగిన వాడికి అది ఒక ఖర్చు పద్దు మాత్రమే. ఆ తీరంలోకి ఎవరు రావచ్చు, ఎవర్ని బయటికి నెట్టారు అన్నది అందులో ప్రశ్నే కాదు.

పర్యావరణ చట్టానికి నైతిక పునాది ఏదంటే మా సెమినార్లలో వెంటనే భూమి సూక్తం చదువుతారు. ప్రకృతిని పూజించిన నాగరికత అంటారు. (టీ విరామంలో కూడా ఇదే.) 1927లో మహాడ్‌లో అంబేడ్కర్, ఆయన వెంట వచ్చిన జనం చౌదార్ చెరువు నీళ్లు తాగితే, ఆ చెరువును పేడతో, పంచితంతో 'శుద్ధి' చేసింది కూడా ఈ నాగరికతే. మనిషిని మైల అన్నది, నీళ్లలో పేడ కలిపింది.

మన దగ్గరికొస్తే కారంచేడు. మాదిగలు తాగే చెరువు నీళ్లను పాడుచేయొద్దని అడ్డుచెప్పిన చోట మొదలైంది. మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగురిని చంపారు. నేను చదివిన పర్యావరణ చట్టం పుస్తకాల్లో ఒక్కదాంట్లోనూ కారంచేడు లేదు. అది అత్యాచారాల కేసట, నీళ్ల కేసు కాదట!

కోర్టులు పర్యావరణ హక్కును 21వ అధికరణంలో వెతుకుతాయి. 48ఏ, 51ఏ చూపిస్తాయి. ఆ రెండూ 1976లో చేర్చినవి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు వాడుకోకుండా ఎవర్నీ ఆపరాదన్న 15(2) మొదటి నుంచీ రాజ్యాంగంలోనే ఉంది. మహాడ్ అడిగింది అదే. పునాది అక్కడుంది. అక్కడి నుంచి మొదలుపెడితే, అనుమతి ఇచ్చే ముందే ఎవరి దారి మూసుకుపోతుందో కంపెనీ చెప్పాలి, వాళ్ల సమ్మతి తేవాలి. పరిహారం మాట ఆ తర్వాత.

హజీరాలో అనుమతికి ముందే పనులు చేశారన్నది సమితి ఆరోపణ. ముందు కట్టి తర్వాత అనుమతి తెచ్చుకునే పద్ధతి చెల్లదని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. నవంబర్‌లో 2-1 మెజారిటీతో ఆ తీర్పును తానే వెనక్కి తీసుకుంది.