ఫోన్‌లో ఎవరూ పలక్కపోతే?

మా శృంగవరపుకోట బడికి అనంతగిరి కొండల దిగువ ఊళ్లనుంచి కూడా పిల్లలు వస్తారు. కిందటేడు వాళ్లలో ఒక అబ్బాయి తన మామ్మను వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. ఆవిడకు నెలనెలా రావలసిన డబ్బు ఆగిపోయింది. కనుక్కోవడానికి ఒక ఆఫీసువారి నెంబరు కాగితం మీద రాసి ఉంది. నా ఫోన్‌లోనే ఆ నెంబరు కలిపి ఆవిడ చేతికిచ్చాను.

అటునుంచి ఒక ఆడగొంతు "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అంది. ఆవిడ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, "నానమ్మా, కొండ దిగువనుంచి మాటాడతన్నాను" అని మొదలుపెట్టింది. ఆ గొంతు మళ్లీ అదే మాట అంది. ఆవిడ మళ్లీ తన కష్టం మొదటినుంచీ చెప్పుకుంది. మూడోసారి చెబుతూండగా ఫోను కట్టయిపోయింది.

"ఏటి మాస్టారూ, నా మాట ఇనకుండానే పెట్టేసింది? నానేటి తప్పు మాటాడాను?" అని అడిగింది.

పక్కనున్న పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అది మనిషి గొంతు కాదమ్మా, మిషను అని చెప్పానే గాని, ఆవిడ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంతకీ ఆ ఫోను పెట్టేసింది ఎవరు?

పిల్లలూ, ఈ జవాబు కావాలంటే ముందు మీరొకసారి హోటలుకు రావాలి. అక్కడ టిఫిను తెచ్చే అతన్ని మనం సర్వరు అంటాం. ఫోన్లు అందుకునే కంప్యూటరునూ సర్వరనే అంటారు. పేరే కాదు, పని తీరు కూడా ఒకటే! హోటలు సర్వరు మీ బల్ల దగ్గర దోసె ఆర్డరు తీసుకుని, అది కాలేదాకా మీ పక్కనే నిలబడిపోడు కదా? పక్క బల్లకు వెళతాడు. లోపలినుంచి "దోసె రెడీ" అని కేక వినబడితే అటు పరుగెడతాడు. ఎవరో చెయ్యెత్తితే మంచినీళ్లు పోస్తాడు. ఏదో ఒకటి జరిగినప్పుడే కదులుతాడు. ఆ జరిగినదాన్నే 'సంఘటన' అందాం. అందుకే ఒక్క మనిషి పది బల్లలు చూసుకోగలడు. ఏ బల్లకు ఏం బాకీ ఉందో మాత్రం గుర్తుండాలి, లేకపోతే మీ దోసె ఇంకొకరి ముందుకు పోతుంది.

ఫోన్ల సర్వరులో నడిచే ప్రోగ్రాము కూడా అంతే. ఫోను రావడం ఒక సంఘటన. అంకె నొక్కడం ఒకటి. అవతలివారు పెట్టేయడం ఇంకొకటి. ఒక్కొక్క కాలుకు ఒక చిట్టా పెట్టుకుని, సంఘటన రాగానే దాని పని చేసి, మళ్లీ ఎదురుచూస్తుంది. ఒకేసారి వందలమందితో మాట్లాడుతున్నట్టు మనకు అనిపించడం ఈ చలాకీతనం వల్లనే.

ఇక వంటింట్లోకి చూడండి. దోసె మాస్టరు వేరు, కాఫీ కలిపేవాడు వేరు, గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు వేరు. పెనం కింద గ్యాసు అయిపోతే దోసెలు ఆగుతాయి, ఇడ్లీలు ఆగవు. మంచి ప్రోగ్రామునూ ఇలాగే ముక్కలుగా కడతారు. వీటికి మాడ్యూళ్లని పేరు. రుమేనియాలో తయారైన 'యేట్' అనే ప్రోగ్రాములో ఈ ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. సంఘటన జరగగానే ఒక చీటీ పుడుతుంది. ఆ చీటీ మాడ్యూళ్ల దగ్గరకు వరుసగా వెళుతుంది. "ఇది నా పని" అని ఎవరు పట్టుకుంటే అక్కడ ఆగుతుంది. కాదంటే ముందుకు పోతుంది. మాడ్యూళ్లకు ఒకదానితో ఒకటికి పరిచయం అక్కర్లేదు, చీటీ చదవడం వస్తే చాలు. కొత్త పని కావాలంటే కొత్త ముక్క తగిలించవచ్చు.

ఇంతకుముందు ఈ పనంతా ఇనుముతో చేసేవారు. స్ట్రోజర్ అనే అమెరికా ఆయన 1891లో తానే నెంబరు వెతుక్కునే ఎక్స్ఛేంజి మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన శవపేటికల వ్యాపారి అంటే నమ్ముతారా! మన దేశంలో 1984లో మొదలైన సీ-డాట్ సంస్థ, ఎయిర్ కండిషనర్ లేకుండా పల్లెటూరి ఎండలో నడిచే 128 లైన్ల ఎక్స్ఛేంజి చేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. 1999లో మార్క్ స్పెన్సర్ అనే కుర్రవాడు తన చిన్న కంపెనీకి ఫోన్ల మిషను కొనలేక, 'ఆస్టరిస్క్' అనే ప్రోగ్రామును సొంతంగా రాసుకున్నాడు. రాసి దాచుకోలేదు, లోకానికి ఉచితంగా ఇచ్చాడు. యేట్ కూడా ఉచితమే.

సరే, మామ్మ దగ్గరకు వద్దాం. ఆవిడ మాట సర్వరుకు చేరలేదనుకోకండి. చేరింది. మాటను సెకనుకు 8000 సార్లు కొలిచి, అంకెలుగా మార్చి పంపుతారు. అన్ని అంకెలూ అక్కడికి వెళ్లాయి. కాని ఆ ప్రోగ్రాము వాటిలో వెతుకుతున్నది మాటను కాదు, మీటల స్వరాన్ని. మీరు 1 నొక్కితే సెకనుకు 697 కంపనాల స్వరమూ, 1209 కంపనాల స్వరమూ జంటగా పుడతాయి. మనిషి గొంతు పొరపాటున కూడా అలా పలకకూడదనే జంటను ఎంచుకున్నారు. ఆ జంట దొరకలేదు. గడియారం నడిచింది. గడువు దాటడం కూడా ఒక సంఘటనే! ఆ చీటీ పుట్టింది. దాన్ని పట్టుకున్న ముక్కలో "మూడుసార్లు అయితే పెట్టేయి" అని రాసి ఉంది.

రాసింది మిషను కాదు. ఎక్కడో కుర్చీలో కూర్చున్న ఒక మనిషి. నా అభియోగమల్లా ఆ ఒక్క వాక్యం మీదనే.

మా స్టాఫ్ రూములో కొందరు ఈ మిషన్లే వద్దు, పూర్వంలా ఆపరేటర్లే ఉండాలంటారు. నేనొప్పుకోను. ట్రంక్ కాల్ బుక్ చేసి పొద్దంతా కూర్చున్న రోజులు నాకు తెలుసు. వేలమంది ఒక్కసారి పిలిచినప్పుడు మిషను ఉండాల్సిందే. కాని అవతలివారు ఏమీ నొక్కకపోతే ఆ కాలును మనిషికి కలపాలి, తెంచకూడదు. నొక్కలేనివారే ఎక్కువ అవసరంలో ఉన్నవారు కావచ్చు. 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా మొదలైన 108 చూడండి. అక్కడా కంప్యూటర్లున్నాయి, కాని ఫోనులో పలికేది మనిషే. (ప్రయోగం పేరుతో 108కి మాత్రం ఎవరూ ఫోను చేయకండి. మీరు పట్టుకున్న లైను ఇంకొకరి ప్రాణం కావచ్చు.)

మాటలెందుకు, మనమే చేద్దామని మా తొమ్మిదో తరగతి పిల్లలతో ల్యాబులోని పాత కంప్యూటరు మీద ఆస్టరిస్క్ ఎక్కించాం. ఒకే వైఫైలో రెండు సెల్‌ఫోన్లు పెట్టి వాటిలో ఉచిత ఫోను యాప్ వేశాం. సిమ్ అక్కర్లేదు, బిల్లూ రాదు. మొదటి రోజు గంట మోగింది, మాట రాలేదు! అందరూ నా వైపు చూశారు. నేను పుస్తకం వైపు చూశాను. ఫలానావారు పిలుస్తున్నారన్న కబురు ఒక దారిన, మాట ఇంకో దారిన వెళతాయట. కంప్యూటరులోని కాపలా గోడ రెండో దారిని మూసేసింది. దాన్ని తెరవడానికి మాకు రెండు శనివారాలు పట్టింది. పాఠంలో రెండు దారులని చదివితే ఎవరికీ గుర్తుండదు, ఇది మాత్రం మా పిల్లలు మరచిపోరు.

తర్వాత "ఒకటి నొక్కండి"కి బదులు, మామ్మ మనవడు తన గొంతుతో "మామ్మా, ఒకటి నొక్కు. నొక్కకపోయినా పరవాలేదు, ఉండు, మాటాడతాం" అని రికార్డు చేశాడు. ఏమీ నొక్కకపోతే రెండో ఫోను మోగేలా రాశాం.

ఎన్ని సెకన్లు ఆగాలన్న దగ్గర తగవు వచ్చింది. 5 చాలని కొందరు, 10 ఉండాలని కొందరు. మామ్మనే పిలిపించి చూశాం. ఫోను చెవి దగ్గరనుంచి తీసి, కళ్లజోడు వెతుక్కుని, అంకెల పలక పైకి తెప్పించుకుని 1 నొక్కేసరికి 14 సెకన్లు పట్టింది. 20 పెట్టాం. దాంతో ఒక అమ్మాయి లేచి, "మా నాన్న ఆటో తోలతాడు మాస్టారూ, మీట పాడైన ఫోనుతో ఆయన 20 సెకన్లు వేచి ఉండాలా?" అంది. అదీ నిజమే. సంఖ్య ఇంకా తేలలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచి మాకు రాయండి.