తేలిన ప్రశ్నకు మళ్లీ వాదనలా?

భరణం కోసం కోర్టుకెక్కిన ప్రతి సోదరీ, ఎప్పుడో తేలిపోయిన ప్రశ్నపైనే మళ్లీ వాదించవలసి రావడం అన్యాయం. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ సీఆర్‌పీసీ 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చని, తెలంగాణ నుండి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2024 జులై 10న స్పష్టం చేసింది. దరఖాస్తు చేసిన తేదీ నుండే భరణం ఇప్పించాలని 2020 నవంబరు 4ననే నిర్దేశించింది. రాజ్యాంగంలోని 141వ అధికరణం ప్రకారం ఇవి కింది కోర్టులన్నిటికీ శిరోధార్యాలు.

తీర్పుపై మనలో భిన్నాభిప్రాయాలుండవచ్చు. వాయిదాల నడుమ పిల్లల ఆకలి మాత్రం ఆగదు. గుమాస్తాలుగా మేము నేర్చుకున్నదొక్కటే: ఉత్తర్వు ప్రతి జతచేసిన ఫైలే ముందుకు కదులుతుంది. మస్జిద్ కమిటీలు ఈ తీర్పుల ప్రతులను సిద్ధంగా ఉంచి, ప్రతి అర్జీకీ జతచేయించాలి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచిత న్యాయసహాయం అందిస్తుంది. ఆ తలుపూ తట్టించాలి.