పులస లేని పులస పండుగ

గోదావరికి మనం హారతి పడతాం. పుష్కరాలు వస్తే కుటుంబసమేతంగా మునుగుతాం. వరదకు నీరు ఎర్రబడగానే పులస పులుసు కోసం ఎగబడతాం. ఈ మూడు పనులనూ ఒకే నదీభక్తితో చేస్తున్నామని మన నమ్మకం. మూడవది మొదటి రెంటినీ అబద్ధం చేస్తోందని నా అభియోగం.

గోదావరి జిల్లాల వెలుపలి మిత్రుల కోసం ఒక్క మాట. ఈ చేప బతుకంతా సముద్రంలోనే. అక్కడ దాని పేరు ఇలస. వంగదేశీయుల ఇలిష్ కూడా ఇదే. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద నీరు కడలిలో కలుస్తూ ఉండగా, గుడ్లు పెట్టడానికి అది ఏటికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది. తీపినీటిలో ఈదేకొద్దీ దాని రుచి మారుతుంది, పేరు పులసగా మారుతుంది. ఒక్కో తల్లిచేప లక్షల గుడ్లు పెడుతుంది. పిల్లలు నదిలో కొంత ఎదిగి సముద్రానికి దిగిపోతాయి. అంటే మనం పోటీపడి కొంటున్నది పురిటికి పుట్టింటికి వస్తున్న ఆడపడుచును. అందులోనూ జన నిండిన చేపకే గిరాకీ ఎక్కువ! ఏ ఇంట్లోనైనా దీన్ని పండుగ అంటారా?

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెతను మనం గర్వంగా వల్లిస్తుంటాం. నేనూ వల్లించినవాణ్ణే, తిన్నవాణ్ణే. కనుక ఈ తగాదా ముందు నాతో నాకే. ఆ సామెత పుట్టిన కాలంలో అది రుచికి పట్టిన నీరాజనం. యానాం రేవు వేలంలో ఒక్క చేప 20,000 రూపాయలు దాటి పలికిన సంవత్సరాలు చూశాక అది నదికి రాసిన మరణశాసనంలా వినిపిస్తోంది. ధర పెరిగిందంటే చేప అరుదైందని అర్థం. ఆ వార్తను మనం చావుకబురుగా చదవం, రికార్డుగా చదువుతాం. ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ మంచుపెట్టెల్లో దిగిన ఇలసలకు పులస పేరు పెట్టి అమ్ముతుంటే, మోసపోయామని గొణుగుతాం తప్ప, మన ఏరు ఎందుకు వట్టిపోయిందని అడగం.

ఇదే చేప విషయంలో బంగ్లాదేశ్ ఏం చేసిందో చూడండి. అక్టోబరు ప్రాంతంలో తల్లిచేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ఇలిష్‌ను పట్టడం, తరలించడం, అమ్మడం అన్నీ నిషేధం. 2016 నుంచి ఆ గడువు 22 రోజులు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. పిల్లచేపను వాళ్లు జాట్కా అంటారు. దాన్ని కాపాడుకోవడానికి ఏటా ఒక వారం ప్రత్యేకంగా జరుపుతారు, నదిలో పడవల ఊరేగింపులు తీస్తారు. 2002-03లో దాదాపు 2 లక్షల టన్నులున్న దిగుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. ఇటీవల అది కొంత తగ్గిన మాటా, బియ్యం అందరికీ అందడం లేదన్న ఫిర్యాదులూ నిజమే. అయినా పేదదేశమని మనం చులకనగా చూసే ఆ దేశం తన చేప కోసం తన నోరు కట్టుకుంది. ఊరేగింపు ఉత్తదైపోకపోవడానికి కారణం దాని వెనక ఉన్న ఆ ఉపవాసమే.

ఇంకొక ఉదాహరణ, మనవాళ్లు ఎందరో స్థిరపడిన అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోనిది. అక్కడి ఎల్వా నది మీద 1913లో ఒకటి, 1927లో మరొకటి ఆనకట్టలు కట్టారు. చేపలకు దారి వదలలేదు. 70 కిలోమీటర్ల పైచిలుకు నదిలో సాల్మన్ చేపకు మిగిలింది సముద్రం వైపున్న 8 కిలోమీటర్లు మాత్రమే. ఆ నదీతీరపు ఆదివాసులైన లోయర్ ఎల్వా క్లాలమ్ ప్రజలు దశాబ్దాల పాటు పట్టు వదలకుండా నిలిచారు. 2011లో కూల్చివేత మొదలై 2014లో ముగిసింది. సాల్మన్ తిరిగి పైకి ఎక్కింది. మనమైతే ఆ మరుసటి ఏడే పులుసు పెట్టి ఊరందరికీ విందు చేసేవాళ్లం. వాళ్లు 2011లోనే ఆ నదిలో వేట ఆపేశారు. ఏళ్ల తరబడి చేపను లెక్కపెట్టారు తప్ప వలవేయలేదు. 2023 అక్టోబరులో, అదీ తమ క్రతువులకూ తిండికీ మాత్రమే, పరిమితంగా కోహో సాల్మన్‌ను పట్టుకున్నారు. 2011 నుంచి 2023 దాకా అంటే లెక్కకు సరిగ్గా ఒక పుష్కరం! పుష్కరమంటే ఏమిటో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియలేదేమో.

ధవళేశ్వరం బ్యారేజీని కూల్చమంటున్నావా అని కత్తులు దూయకండి. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట, దాని స్థానంలో 1982లో ముగిసిన నేటి బ్యారేజీ దాదాపు 10 లక్షల ఎకరాలకు నీళ్లిచ్చాయి. వాటివల్లే మనం అన్నం తింటున్నాం. నా ప్రశ్న వేరు. ఆ గేట్లు దించి ఉన్నంతకాలం పులసకు అదే సరిహద్దు గోడ. గోడకు ఎదురై ఆగిన చేపను పట్టడం కన్నా సులువైన వేట మరొకటి లేదు. ఎగువన పోలవరం స్పిల్‌వేలో చేపల కోసం ఫిష్ ల్యాడర్ పెట్టామని చాటుకుంటున్నాం. మంచిదే. కానీ వీధిగుమ్మం మూసేసి పెరటి గదికి మెట్లు కట్టినట్టుంది. దిగువనున్న ధవళేశ్వరం దాటితేనే కదా ఏ పులసకైనా పోలవరం మెట్లతో పని!

చట్టం సంగతి చూద్దాం. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల మీద సముద్రపు వేట నిషేధం ఉంది. ఎన్నో జాతుల చేపలకు అది మేలు. అయితే పులస నదీముఖంలో అడుగుపెట్టేది ఆ నిషేధం ముగిసి, వలలన్నీ బాగుచేసుకుని పడవలు బయలుదేరాక! కాపలావాడు ఇంటికి వెళ్లాక తాళం తీసినట్టు లేదూ?

వెంటనే వచ్చే ఆక్షేపణ, జాలరుల పొట్ట కొడతావా అన్నది. న్యాయమైన ఆక్షేపణే. తరాలుగా ఏటి మీద బతికినవాళ్లకు నీతులు చెప్పి, వాళ్ల ఆకలిని పట్టించుకోని పర్యావరణవాదం నాకూ అసహ్యమే. కానీ 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సముద్రపు వేటనిషేధ కాలానికి కుటుంబానికి 20,000 రూపాయల చొప్పున భృతి ఇచ్చింది. అంటే చేయడానికి దారి ఉంది. సముద్రంలో పనికొచ్చిన పద్ధతి నదిలో ఎందుకు పనికిరాదు? పైగా పులస కనుమరుగైతే మొదట నష్టపోయేది ఆ జాలరే. మన సంగతేముంది, మరో చేప కొనుక్కుంటాం.

నదిలో లక్షల చేపపిల్లల్ని వదులుతున్నాం కదా అన్నది రెండో సమాధానం. పళ్లేల్లో పిల్లల్ని పట్టుకుని ప్రముఖులు ఫోటోలకు నిలబడే కార్యక్రమాలు మనకు కొత్తకాదు. వదిలేది ఎక్కువగా బొచ్చె, శీలావతి వంటి హ్యాచరీ పిల్లలు. వాటితో వలలు నిండవచ్చు, కాదనను. దాన్ని పులసకు జరిగిన న్యాయమని మాత్రం అనకండి. సముద్రం నుంచి తన దారి తాను వెతుక్కుంటూ వచ్చే చేపకు కావలసింది తొట్టె కాదు, దారి. దారితో పాటు పట్టణాల మురుగు కలవని నీరు, కొన్ని రోజుల అభయం.

కాబట్టి నాకు కావలసిన పులస పండుగ ఇది. వరద మొదలైన వేళ, ఏ రోజులన్నది మత్స్యశాస్త్రజ్ఞులూ జాలరి పెద్దలూ కలిసి కూర్చుని తేల్చాలి. ఆ రోజుల్లో బ్యారేజీ దిగువన వల పడకూడదు. వల వేయని ప్రతి ఇంటికీ భృతి ముందుగానే అందాలి, తరువాత కాదు. ఆ ఏడాది ఎన్ని చేపలు పైకి వచ్చాయో రేవులోనే బహిరంగంగా లెక్కచెప్పాలి. ఆ లెక్క చదివే గౌరవం మంత్రికి కాక వయసుమళ్లిన ఒక జాలరికి దక్కాలి. హారతి ఆ తరువాత పడదాం. విందులో పప్పూ ఆవకాయా చాలు.

2015 జులైలో పుష్కరాలు జరిగాయి, తరువాతివి 2027లో. ఆ రెంటి నడుమ ఉన్న పన్నెండేళ్లను మనం ఘాట్ల మెట్ల లెక్కలోనే చూశాం. 2027 నుంచి 2039 దాకా ఉన్న మరో పన్నెండేళ్లను చేపల లెక్కలో చూడగలమా? సంకల్పం చెప్పకుండా స్నానం చేయకూడదంటారు కదా పెద్దలు, మరి ఆ సంకల్పంలో ఈ ఒక్క వాక్యాన్ని చేర్చలేమా?

ప్రభుత్వం సంగతి ఎలా ఉన్నా నా వంతు నేను చెబుతాను. వలకు విరామం వచ్చేదాకా మా ఇంట్లో పులస వండటం లేదు. చుట్టాలు నవ్వుతున్నారు, నవ్వనివ్వండి. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు ఎదురెళ్లి స్వాగతం చెప్పలేకపోయినా, వీధిలో వలపన్ని కూర్చోకపోవడం కనీస మర్యాద. కాదనే మిత్రులెవరైనా ఉంటే వాదనకు సిద్ధంగా ఉన్నాను. వచ్చేటప్పుడు సామెత కాక, కారణం తీసుకురండి.