ఎఫ్6 నొక్కితే ఎఫ్6 రావాలి

మా చిన్నమ్మ కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి జావా నేర్చుకుంటున్నాడు. మొన్న ఆదివారం కొత్త లాప్‌టాప్ పట్టుకుని ఎల్బీనగర్‌లో మా ఇంటికొచ్చాడు. "అన్నా, సారు ఎఫ్6 నొక్కితే లైను ముందుకు పోతది, నేను నొక్కితే పోతలేదు. నాకు డీబగ్గింగ్ రాదేమో" అన్నాడు, మొహం వేలాడేసుకుని.

చూస్తే ఏముంది... ఎక్లిప్స్‌లో ఎఫ్6 అంటే స్టెప్ ఓవర్. వాడి లాప్‌టాప్‌లో ఆ కీ మీద సూర్యుడి బొమ్మ! నొక్కినప్పుడల్లా స్క్రీను వెలుగుతోంది, ప్రోగ్రాం అక్కడే ఉంది. రెండు వారాలుగా తప్పు తనదే అనుకుంటున్నాడు పాపం. కోచింగ్ సెంటర్‌లో ఉన్నవి డెస్క్‌టాపులు, అక్కడ ఈ గొడవే లేదు.

నాకు మండేది ఇక్కడే. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో కూడా ఈ కీలు ఉన్నాయి, ఎడమపక్క రెండు వరసల్లో పది. అప్పట్నుంచీ ఎఫ్1 అంటే ఎఫ్1. ఇప్పుడేమో సౌండు, వెలుతురు ముందు, మనం ఎఫ్ఎన్ పట్టుకుని బతిమాలితే తర్వాత ఎఫ్6.

"ఎక్కువమందికి కావల్సింది సౌండే కదా" అంటారు. సరే, ఒప్పుకుంటా. మరి మొదటిసారి ఆన్ చేసినప్పుడు అడగొచ్చుగా? లొకేషన్ ఇస్తావా, యాడ్స్ చూస్తావా అని సవాలక్ష అడిగే విండోస్ ఈ ఒక్క ముక్క అడగదు. ఆపిల్ వాళ్ళయితే 2016లో మాక్‌బుక్ ప్రోలో ఆ వరసే పీకేసి టచ్ బార్ పెట్టారు. 2021లో నోరు మూసుకుని మళ్ళీ కీలు తెచ్చారు. ఇంకో తమాషా, 2024లో వచ్చిన కోపైలట్ కీ లోపల పంపేది విండోస్+షిఫ్ట్+ఎఫ్23! వాళ్ళ అవసరానికి మాత్రం ఎఫ్ కీలు గుర్తొస్తాయి.

ఎస్కేప్ కీ మీద చిన్న తాళం బొమ్మ ఉంటే ఎఫ్ఎన్+ఎస్కేప్ నొక్కండి, చాలు. లేదంటే బయోస్‌లో ఫంక్షన్ కీ లేదా యాక్షన్ కీ అని వెతకండి. మాక్ అయితే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. పవర్‌టాయ్స్‌తో మార్చేద్దాం అనుకోకండి, చాలా మోడళ్ళలో ఎఫ్ఎన్ కీ నొక్కినట్టు విండోస్‌కి తెలియనే తెలియదు. ఆఫీసు లాప్‌టాప్ బయోస్‌కి పాస్‌వర్డ్ ఉంటే టికెట్ పెట్టుకోవాలి. నేను పెట్టా. "డిజైనే అంత" అని క్లోజ్ చేశారు :)

కోచింగ్ సార్లూ, డీబగ్గర్ చెప్పేముందు ఈ ఒక్క నిమిషం పాఠం చెప్పండి, మీకు పుణ్యముంటుంది.

మావాడు ఎఫ్ఎన్+ఎస్కేప్ నొక్కాడు. తర్వాత ఎఫ్6. లైను కదిలింది.

"గింతేనా అన్నా?" అన్నాడు.