వాదన నేర్చుకుందాం – 6: ‘పదేళ్లే అన్నాడుగా మీ అంబేడ్కర్!’

మొన్న రాత్రి పదకొండింటికి మా అన్న కూతురు ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్ గదిలో నలుగురు ఒకవైపు, ఇది ఒక్కతే ఒకవైపు. "బాబాయ్, రిజర్వేషన్లు పదేళ్లే ఉండాలని అంబేడ్కరే అన్నాడంట కదా? ఏం చెప్పాలో తెలీక మంచం మీదికెళ్లి పడుకున్నా" అంది. గొంతు పూడుకుపోయి ఉంది.

పాతికేళ్ల కిందట ఇదే ప్రశ్నకి నేనూ ఇలాగే నోరు మూసుకున్నాను. అందుకే ఈ భాగం దాని కోసం.

అమ్మా, ఎవరు వాదించినా ముందు దాన్ని రెండు ముక్కలు చెయ్. ఒకటి ఆధారం, రెండోది తీర్మానం. ఇక్కడ ఆధారం: 'అంబేడ్కర్ పదేళ్లే అన్నాడు.' తీర్మానం: 'కాబట్టి ఇప్పుడు తీసెయ్యాలి.' మొదట ఆధారం నిజమా కాదా చూడు. తర్వాత ఆ 'కాబట్టి'ని పట్టుకుని గుంజు, ఊడొస్తుందేమో.

పదేళ్ల మాట రాజ్యాంగంలో ఉంది. ఎక్కడుంది? 334వ అధికరణలో. అది దేనికి? లోక్‌సభలో, అసెంబ్లీల్లో మనకి కేటాయించిన సీట్లకి. అంటే ఎమ్మెల్యే, ఎంపీ పదవులకి. ఆ గడువునే పార్లమెంటు పదేసి ఏళ్ల చొప్పున పొడిగిస్తూ వచ్చింది, 2019లో చేసిన సవరణతో 2030 దాకా జరిపింది. పార్టీలన్నీ కలిసే చేతులెత్తాయి. ఉద్యోగాల సంగతి 16(4)లో ఉంది, దానికి గడువు లేదు. కాలేజీ సీట్ల సంగతి 15(4)లో ఉంది. మద్రాసు రాష్ట్రంలో చంపకం దొరైరాజన్ కేసు తర్వాత 1951లో మొదటి సవరణతో దాన్ని చేర్చారు. అప్పుడు న్యాయశాఖ మంత్రి అంబేడ్కరే. దానికీ గడువు లేదు. ఎమ్మెల్యే సీటు గడువు తెచ్చి నీ ఇంజనీరింగ్ సీటుకి అతికించారు, అంతే. మాట ఒకటే, 'రిజర్వేషన్'. వస్తువులు రెండు.

ఇప్పుడు 'కాబట్టి' దగ్గరికి రా. ఒకవేళ ఆయన నిజంగానే పదేళ్లన్నాడనుకో. ఆయన అన్నాడు గనక చెయ్యాలా? అయితే 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞలు కూడా ఆ నలుగురూ చేస్తారా అడుగు. మిగతా రోజుల్లో ఆయన విగ్రహం ఊళ్లోకి రాకూడదు, ఈ ఒక్క వాదనకి మాత్రం ఆయన మాట వేదం! పని జరగాల్సిన గడువు అయిపోతే పని అయిపోయినట్టు కాదు. పదేళ్లలో మానిపోవాలనుకున్న పుండు మానిందా లేదా అని చూడాలి గానీ, క్యాలెండర్ చూసి కట్టు విప్పేస్తారా?

ఇంకో పరీక్ష చెప్తాను. ఎదుటివాళ్ల సూత్రాన్ని వాళ్లకే వర్తింపజేసి చూడు. 'మార్కులే చూడాలి' అన్నారు కదా. 2019లో 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా వచ్చింది. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉండాలి, కానీ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల్లో ఎంత పేదవాళ్లున్నా అందులోకి రారు. ఆ రోజు మెరిట్ కోసం ఎంతమంది రోడ్డెక్కారు? డబ్బు పోసి కొనే మేనేజ్‌మెంట్ సీటులో చదివిన డాక్టరుని చూసి ఎంతమంది భయపడ్డారు? ఆ గదిలో ఒకమ్మాయి ఈడబ్ల్యూఎస్‌లోనే వచ్చిందంట. ఆ పిల్లని ఎత్తిపొడవమని కాదు, పేదపిల్ల చదువుకోనీ. సూత్రం ఒకటైతే ఇద్దరికీ ఒకటే ఉండాలని అడగమంటున్నాను.

ఇంతా చెప్పి మన తప్పు దాచుకుంటే దొంగతనం. 'నువ్వు ఫలానా కులంవాడివి, నీ మాట వినను' అని నేనూ ఎన్నోసార్లు అన్నాను. మనిషి పుట్టుక చూసి మాట విలువ కట్టడం ఎవరు నేర్పిన విద్యో మనకి తెలీదా? బాబాసాహెబ్ ఎప్పుడూ అనని మాటలు ఆయన ఫొటో మీద రాసి పంచుకునేది కూడా మనమే. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇదే వాల్ మీద మాల, మాదిగ తమ్ముళ్లు తిట్టుకున్న తీరు చూశాను. లెక్కలు తెచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

పొద్దున్నే దాని మెసేజ్ వచ్చింది: "బాబాయ్, 334 ఫొటో తీసి పంపు. తెలుగులో. గదిలో తలుపు వెనక అంటిస్తా."

పంపాను. తర్వాతి భాగం ఆదివారం, ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం దుర్వినియోగం అనే వాదన మీద. జై భీమ్.