ఇజాజత్ అడగని కెమెరా

పాతబస్తీ అనగానే కొందరి చెయ్యి కెమెరా మీదికి పోతుంది. ధూల్‌పేట్ చూసుకుని, పురానాపూల్ దాటి, హుస్సేనీ ఆలం మీదుగా లాడ్ బజార్ చేరతారు. 1591 నాటి చార్మినార్, దాని కింద ఓ నల్ల బుర్ఖా, పక్కన ఓ ముసలాయన గడ్డం. అంతే, పాతబస్తీ దొరికిపోయింది వాళ్లకి!

ఆ బుర్ఖాలో ఉన్నదెవరు? టీచరా, నర్సా, పరీక్ష రాసి వస్తున్న డిగ్రీ పిల్లా? అడిగారా?

ఉర్దూలో ఫోటో తీయడాన్ని తస్వీర్ ఖీంచ్‌నా అంటాం. ఖీంచ్‌నా అంటే లాగడం. ఒకరి దగ్గర్నుంచి లాక్కునే ముందు అడగాలి గదా. ఆ అడగడాన్నే ఇజాజత్ అంటాం.

కెమెరా మాకు కొత్తదేం కాదు. ఫోటో హరామనే మావాళ్లూ, పరదా అంటే వట్టి చీకటనుకునే మీవాళ్లూ కాస్త చరిత్ర చూడాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన దర్బారు ఫోటోగ్రాఫరుగా పెట్టుకున్నది జైనుడైన లాలా దీన్ దయాళ్‌ని. రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అని బిరుదిచ్చాడు. ఆ దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం, ఆడమనిషి నడిపిన స్టూడియో అది. వాళ్లు వచ్చి, తమ ఇష్టంతో ఫోటో తీయించుకున్నారు. వచ్చినవాళ్లు కలవారింటి బీబీలే, నిజమే. వాళ్లకి దక్కిన ఆ మర్యాద, లాడ్ బజార్ గాజులకి రాళ్లు అతికే ఆడబిడ్డకి నూట ముప్పై ఏళ్లు దాటినా దక్కలేదు.

ఇంకో కెమెరా ఉంది. అది పోలీసుది. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ని పాతబస్తీ రోడ్డు మీద ఆపి మాస్కు తీయమన్నారు. తీయనన్నాడు. అయినా ఫోటో తీసుకున్నారు. నా ముఖంతో మీకేం పని అని ఆయన హైకోర్టుకెక్కాడు. ముఖాల్ని గుర్తుపట్టే యంత్రాల మీద ఆ పిటిషన్‌కి 2022 జనవరిలో కోర్టు రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసిచ్చింది.

ఇది ముసల్మాన్ల గోడు మాత్రమే అనుకోకండి. ధూల్‌పేట్ లోధీలని చూడండి. వినాయక చవితి ముందు విగ్రహాల కోసం, సంక్రాంతి ముందు పతంగుల కోసం కెమెరాలు దిగుతాయి. మిగతా ఏడాదంతా గుడుంబా దాడుల ఫోటోలు, గంజాయి దాడుల ఫోటోలు. పండక్కి కళాకారుడు, పండగ వెళ్లిపోతే నేరస్తుడు. మా సంగతీ అంతే. పగలు వారసత్వ సంపద, రాత్రి అనుమానితులు.

లౌకికవాద మిత్రులారా, మీ ఫోటో కింద గంగా జమునా తహజీబ్ అని ముచ్చటగా రాస్తారు. ఆ ఫ్రేములోకి గల్లీలో పొంగే మోరీ ఎందుకు రాదు? పిల్లలకి ఉర్దూ చెప్పే పంతులు లేని బడి ఎందుకు రాదు? పోలీసు మమ్మల్ని అనుమానంతో చూస్తాడు, మీరు మురిపెంతో చూస్తారు. అడగకపోవడంలో మాత్రం ఇద్దరూ ఒకటే.

కెమెరా తేవద్దనం. తీసుకునే రండి. ముందు సలాం చెప్పండి, పేరడగండి, చాయ్ తాగండి. వద్దంటే దించండి. మీనార్‌కి కాపలా బొమ్మలం కాదు మేం, ఈ షహర్‌లో పన్ను కట్టే, ఓటేసే మనుషులం.